ఓడ మీద మేం మాట్లాడే ఇంగ్లీషు ఎవరిది?

ఉప్పుగాలి (విశాఖ, ప్రస్తుతం సముద్రం మీద) · మంగళవారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నెట్ దొరికినప్పుడే ఇటు వస్తాను, జవాబు ఆలస్యమైతే ఏమీ అనుకోకండి.

నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్ని. మా ఓడలో ఇరవై రెండు మందిమి. కెప్టెన్‌ది ఉక్రెయిన్, చీఫ్ ఇంజినీర్‌ది జార్జియా. వంటాయన, బోసన్ (డెక్ పనివాళ్ల మేస్త్రీ), చుక్కాని పట్టేవాళ్లు ఫిలిప్పీన్స్ వాళ్లు. మనవాళ్లం నలుగురం. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. అయినా పొద్దున లేచిన దగ్గర్నుంచి పనంతా ఇంగ్లీషులోనే. ఏడు నెలలైంది. ఒకడి మాట ఇంకొకడికి అర్థంకాక పని చెడిన రోజు లేదు.

మొన్న ఇంగ్లాండులో ఒక రేవుకి వెళ్లాం. ఓడకి రేవులోకి దారి చూపే రేవు పైలట్ ఓడెక్కాడు. మర్యాదస్తుడే. కాకపోతే ఆయన ఇంగ్లీషు సొంత ఇంగ్లీషు! ఏదో చమత్కారంగా అని, చివర్లో "షల్ వీ?" అని తగిలించాడు. చుక్కాని దగ్గరున్న ఫిలిప్పీన్స్ కుర్రాడు నా మొహం చూశాడు. అది ప్రశ్నా, ఆర్డరా? చుక్కాని తిప్పాలా, ఆగాలా? మాకు అలవాటైన పద్ధతేమిటంటే "స్టార్‌బోర్డ్ టెన్" అంటారు (చుక్కాని కుడికి పది డిగ్రీలు అని), వాడు అదే మాట తిరిగి చెప్పి తిప్పుతాడు. అంతే. నేను మధ్యలో దూరి, ఇంగ్లీషాయన ఇంగ్లీషుని మా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది.

అప్పట్నుంచి ఒకటే ఆలోచన. ప్రపంచమంతా పాకింది ఇంగ్లీషు అంటున్నాం కదా, పాకింది ఆయన మాట్లాడేదా, మేం మాట్లాడేదా?

---

ఎర్రబస్సు · మంగళవారం రాత్రి 10:51

ఇందులో పెద్ద ఆలోచించేదేముంది అన్నా. ఇంగ్లీషు సులువు, అందుకే పాకింది. కుర్చీ ఆడదా మగదా అని గొడవ లేదు, క్రియలకి వంద రూపాలు లేవు. ఇరవై ఆరు అక్షరాలు. మన గుణింతాలు రాయించి చూడు ఏ తెల్లోడి చేతైనా, పారిపోతాడు.

---

పాతదస్తావేజు (రాజమండ్రి) · బుధవారం ఉదయం 5:40

ఎర్రబస్సు, సులువు అనే మాట నేను ఒప్పుకోను నాయనా. ఆ ఇరవై ఆరు అక్షరాలతోనే "టఫ్", "దో", "త్రూ", "కాఫ్" నాలుగింటికీ చివర ఒకే నాలుగక్షరాలు పెట్టి నాలుగు రకాలుగా పలకమంటుంది. మన గుణింతం ఒక్కసారి వస్తే చచ్చేదాకా మోసం చెయ్యదు.

పైగా లింగభేదం లేకపోవడమే గొప్పయితే పారసీకానికి (ఫార్సీకి) కూడా లేదు. అదీ మన నెత్తిన మూడు నాలుగు వందల ఏళ్లు కూర్చుంది. గోల్కొండ కాలం నుంచి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) కాలం దాకా కచేరీ భాష అదే. వకీలు, ఫిర్యాదు, దరఖాస్తు, రసీదు, జమీను, తహసీల్దారు... మీరు అచ్చ తెలుగనుకుని వాడేవి సగం అక్కడివే. నా పేరులో ఉన్న దస్తావేజూ అంతే. మరి ఆ భాష ఎందుకు పోయింది? కష్టమైందనా? కాదు. 1837లో కుంఫిణీ ప్రభుత్వం కోర్టుల్లోంచి తీసేసింది. దానికి రెండేళ్ల ముందు, 1835 ఫిబ్రవరిలో, మెకాలే తన నివేదిక ఇచ్చాడు, గవర్నర్ జనరల్ బెంటింక్ దానికి తల ఊపాడు, చదువుకిచ్చే డబ్బు ఇంగ్లీషు వైపు తిరిగింది. ఉద్యోగం ఎటుంటే పిల్లల్ని అటు పంపుతారు తల్లిదండ్రులు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

పెద్ద లోకంలో జరిగింది కూడా ఇలాంటిదే. 1919 దాకా దౌత్యం అంటే ఫ్రెంచి. వెర్సాయి సంధి దగ్గర ఇంగ్లీషు ప్రతికీ ఫ్రెంచి ప్రతికీ సమాన విలువ ఇచ్చారు. అమెరికా అధ్యక్షుడు బల్ల దగ్గర కూర్చున్నాక వ్యాకరణం సులువా కష్టమా అని ఎవరడుగుతారు?

---

ఎర్రబస్సు · బుధవారం ఉదయం 8:15

సరే బాబాయ్, సులువు మాట వెనక్కి తీసుకుంటున్నా. తెల్లారి అయిదింటికి లేచి నన్ను ఉతికారు.

---

తార్నాక తార (హైదరాబాద్) · బుధవారం మధ్యాహ్నం 1:05

ఉప్పుగాలి గారి ప్రశ్న చాలా బాగుంది. మా క్యాంపస్‌లో దీని మీదే ఏళ్లకేళ్లు వాదించుకునేవాళ్లం. (1958లో నెహ్రూ కాలంలో ఇంగ్లీషు టీచర్లకు తర్ఫీదు ఇవ్వడానికి పెట్టిన సంస్థ అది. ఇప్పుడు ఇంగ్లీషుతో పాటు విదేశీ భాషల విశ్వవిద్యాలయం.)

కశ్మీర్‌లో పుట్టిన బ్రజ్ కచ్రూ అనే భాషావేత్త 1985లో మూడు వలయాల బొమ్మ గీశారు. లోపలి వలయంలో బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా లాంటివి. దాని చుట్టూ వలస పాలన వల్ల ఇంగ్లీషు పాతుకుపోయిన మన దేశం, నైజీరియా, సింగపూర్. అన్నిటికీ బయట చైనా, జపాన్ లాంటివి. అంటే ఇంగ్లీషువాళ్లు ఎప్పుడూ పాలించకపోయినా అవసరం కొద్దీ నేర్చుకునేవాళ్లు. ఆయన గొడవేమిటంటే, బయటి రెండు వలయాలవాళ్లు మాట్లాడేదాన్ని తప్పుల ఇంగ్లీషు అనొద్దు, అవి వేర్వేరు ఇంగ్లీషులు అనమని. లండన్‌లో పెద్ద పండితులు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు కూడా.

లెక్క చూడండి. ప్రపంచంలో ఇంగ్లీషు ఎంతో కొంత వచ్చినవాళ్లు సుమారు 150 కోట్లు. అమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లు 40 కోట్ల లోపే. మన దగ్గర ఇంకా వింత. 2011 జనగణనలో మాతృభాష ఇంగ్లీషు అని రాయించినవాళ్లు దేశం మొత్తం మీద 2 లక్షల 60 వేల మంది. రెండో, మూడో భాషగా వచ్చన్నవాళ్లు పన్నెండు కోట్ల పైచిలుకు. మీ ఓడే ప్రపంచం అన్నమాట. ఇరవై రెండు మందిలో ఒక్కడూ ఇంగ్లీషువాడు కాకపోవడం వింతేం కాదు.

ఇంకో తమాషా. 2020లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఇంగ్లీషుని తీసుకెళ్లలేదు. మిగిలిన దేశాల్లో ఇంగ్లీషు వాడేవి ఐర్లండ్, మాల్టా, అవీ సొంత భాషలే నమోదు చేసుకున్నాయి. అయినా బ్రస్సెల్స్‌లో పని నడిచేది ఎక్కువగా ఇంగ్లీషులోనే. అత్తగారు వెళ్లిపోయినా ఆవిడ పెట్టిన వంటింటి పద్ధతులు పోలేదు.

---

టవర్ కాకి · బుధవారం రాత్రి 9:30

ఓడల సంగతి నాకు తెలీదు, విమానాల సంగతి చెప్తా. నేను ఏటీసీలో (విమానాల రాకపోకల్ని రేడియోలో నడిపించే చోట) పనిచేసి బయటికొచ్చాను.

1977 మార్చి 27, స్పెయిన్‌వాళ్ల టెనెరిఫె ద్వీపం. పొగమంచు. డచ్ విమానం రన్‌వే మీద పరుగు మొదలెట్టింది. కో-పైలట్ రేడియోలో "వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు. కంట్రోలర్ దాన్ని "టేకాఫ్ చోట నిలబడి ఉన్నాం" అనుకున్నాడు, "ఓకే" అన్నాడు. అదే రన్‌వే మీద ఎదురుగా ఇంకో జంబో ఉంది. 583 మంది పోయారు. మాట్లాడినవాడు డచ్, విన్నవాడు స్పానిష్, మధ్యలో అరువు భాష. దాని తర్వాతే, నిజంగా ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప "టేకాఫ్" అనే మాట వాడకూడదని రూలు వచ్చింది. మిగతా చోట్ల "డిపార్చర్" అనాలి.

మన దగ్గర 1996 నవంబరు 12, చర్ఖీ దాద్రీ. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానం, దిగుతున్న కజకిస్తాన్ విమానం ఆకాశంలోనే ఢీకొన్నాయి. 349 మంది. కజక్ విమానం 15,000 అడుగుల దగ్గర ఆగాలి, ఇంకా కిందికి వచ్చింది. అందులో టవర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్, విమానం నడిపేది పైలట్లు. ఇంగ్లీషు భారం ఒక్కడి మీద పెట్టి మిగతావాళ్లు వాడి మీద ఆధారపడ్డారు. లహోటీ కమిషన్ రిపోర్టులో సిబ్బందికి ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడం కూడా ఒక కారణమని వచ్చింది.

ఆ తర్వాతే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భాషకి ఆరు మెట్ల కొలత పెట్టింది. నాలుగో మెట్టు లేకపోతే అంతర్జాతీయ విమానం నడపనివ్వరు, 2008 నుంచి అమలు. ఇందులో నాకు నచ్చినదేంటంటే, ఆ కొలతలో లండన్ యాస ఉందా అని చూడరు. యాస ఏదైనా సరే, అవతలివాడికి అర్థమవుతుందా అనే చూస్తారు. మేం "ఫైవ్"ని "ఫైఫ్" అంటాం, "నైన్"ని "నైనర్" అంటాం. రేడియో గరగరలో రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి. ఇంగ్లాండు రాజుగారైనా సరే, కాక్‌పిట్‌లో కూర్చుంటే "నైనర్" అనాల్సిందే.

---

ఉప్పుగాలి · గురువారం తెల్లవారుజామున 3:50

వాచ్ (కాపలా డ్యూటీ) మధ్యలో రాస్తున్నా. టవర్ కాకి గారూ, మాకూ అచ్చం అలాంటిదే ఉంది. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2001లో వాక్యాల పుస్తకం ఒకటి ఖాయం చేసింది. అందులో ముందు మాట ఏ రకమో చెప్పాలి: క్వశ్చన్, ఆన్సర్, వార్నింగ్, అడ్వైస్, ఇన్‌స్ట్రక్షన్, ఇలా ఎనిమిది. "మే ఐ ఎంటర్?" అనకూడదు. ఎందుకంటే "మే" అంటే అనుమతా, అవకాశమా, మర్యాదా తెలీదు. "క్వశ్చన్. డు ఐ హావ్ పర్మిషన్ టు ఎంటర్?" అనాలి. నూట యాభైని "వన్ ఫిఫ్టీ" అనకూడదు, "వన్ ఫైవ్ జీరో" అనాలి. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా తెలీక ఓడలు మెట్ట ఎక్కేస్తాయి మరి.

నాకు అనిపించేదేంటంటే, ఇంగ్లీషు నుంచి మర్యాద, చమత్కారం, అలంకారం అన్నీ వలిచేస్తే మిగిలింది మా భాష. ఆ పైలట్‌ గారికి అది కూడా నేర్పించాలి. ఆయన సొంత భాషే అయినా!

---

జొన్నరొట్టె (మహబూబ్‌నగర్) · గురువారం ఉదయం 10:10

ఓడలు, విమానాలు మంచిగనే ఉన్నయి. నేను నేల మీది మాట అడుగుత. ఈ వేదికల పోయిన నెల "ఇంగ్లీషు మీడియం తెలుగును చంపుతున్నది" అని ఎవరో పోస్టు పెడితే మస్తుమంది చప్పట్లు కొట్టిన్రు. అందుల ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంల చదువుతున్నరో చెప్పమంటే ఒక్కరు పలకలే.

మా నాయిన జీతగాడు. నేను సర్కారు బడిల తెలుగు మీడియం. ఇంటర్‌కు పట్నం వచ్చిన. ఫిజిక్స్ సారు మొదటి రోజు అడిగిన ప్రశ్న తెలుగుల అడిగితే జవాబు నాకు తెలుసు. ఇంగ్లీషుల అడిగిండు, మూగోని లెక్క నిలబడ్డ. ఆ నిలబడ్డ అయిదు నిమిషాలు నా బిడ్డకు రావద్దనుకున్న. 2022ల మా సర్కారు బళ్లల్ల ఇంగ్లీషు మీడియం అని చెప్తే మా వాడల ఎవ్వరు ఏడ్వలే.

ఉత్తరప్రదేశ్‌ల లఖీంపూర్ ఖీరీ జిల్లాల బంకా అనే ఊర్ల దళితులు ఇంగ్లీషు దేవతకు గుడి మొదలువెట్టిన్రు 2010ల. దళిత రచయిత చంద్రభాన్ ప్రసాద్ చేయించిండు. మెకాలే పుట్టినరోజు కూడ చేస్తరు వాళ్లు. పాతదస్తావేజు సారుకు మెకాలే అంటే కోపమున్నట్టుంది. మాకు పారసీకం రాలే, సంస్కృతం రానియ్యలే. ఇంగ్లీషొక్కటే ఎవరి పిల్లగాడివి అని అడగకుండ లోపలికి రానిచ్చింది.

---

పాతదస్తావేజు · గురువారం మధ్యాహ్నం 12:30

జొన్నరొట్టె గారూ, మెకాలే మీద నాకు కోపమేమీ లేదండి, ఆయన ఫీజు కట్టించుకున్నాడని మాత్రమే అంటున్నాను. అడగకుండా రానిచ్చింది అన్నారు, అది పూర్తిగా నిజమేనా? మీరు నిలబడ్డ అయిదు నిమిషాలే నాకు జవాబు.

---

జొన్నరొట్టె · గురువారం మధ్యాహ్నం 12:44

అది నేర్పకుంట పంపినోళ్ల తప్పు సారు, భాషది కాదు.

---

ఎర్రబస్సు · గురువారం మధ్యాహ్నం 12:52

ఇప్పుడు బాబాయ్‌ని ఉతికే వంతు 🙂

---

నిర్వాహకుడు · గురువారం మధ్యాహ్నం 2:00

వాదన బాగుంది, ఇలాగే సాగనివ్వండి. రాజకీయ పార్టీల పేర్లున్న మూడు పోస్టులు తీసేశాను. ఆంధ్రప్రదేశ్ సర్కారు బళ్లలో ఇంగ్లీషు మీడియం పెట్టమన్న 2019 ఉత్తర్వులు, 2020లో హైకోర్టు వాటిని కొట్టేయడం గురించి కావాలంటే పాత దారం ఉంది, అక్కడ కొట్టుకోండి.

---

కిగాలి కబుర్లు (రువాండా) · గురువారం రాత్రి 11:15

ఇక్కడ నిర్మాణ రంగంలో పనిచేస్తున్నాను. జొన్నరొట్టె గారు చెప్పినదీ, పాతదస్తావేజు గారు చెప్పినదీ రెండూ ఒకే దేశంలో చూడాలంటే ఇక్కడికి రండి.

రువాండాలో దాదాపు అందరిదీ ఒకే భాష, కిన్యరువాండా. ఆఫ్రికాలో అలాంటి దేశాలు చాలా తక్కువ. బెల్జియం పాలన వల్ల పైచదువులు ఫ్రెంచిలో నడిచేవి. 1994 మారణకాండ తర్వాత అధికారంలోకి వచ్చినవాళ్లలో చాలామంది ఉగాండాలో శరణార్థులుగా పెరిగినవాళ్లు, వాళ్లకు వచ్చింది ఇంగ్లీషు. ఫ్రాన్స్‌తో సంబంధాలు చెడ్డాయి. చుట్టూ వ్యాపారమంతా ఇంగ్లీషు దేశాలతో. 2008 అక్టోబరులో మంత్రివర్గం కూర్చుని బడుల్లో ఇక ఇంగ్లీషే అంది. మరుసటి ఏడు కామన్వెల్తులో చేరారు, ఒకప్పుడు బ్రిటన్ కింద లేకపోయినా!

మా సైటు దగ్గర ఉండే ఒక పెద్దాయన రిటైరైన బడిపంతులు. ఇరవై ఏళ్లు ఫ్రెంచిలో లెక్కలు చెప్పాడట. ఒక సెలవుల్లో కొన్ని వారాల తర్ఫీదు ఇచ్చి, జనవరి నుంచి ఇంగ్లీషులో చెప్పమన్నారట. "బడి తెరిచిన రోజు నేను మూడో క్లాసు పిల్లాణ్నయిపోయాను" అన్నాడు నవ్వుతూ. బోర్డు మీద అంకెలు రాసి, నోటితో తక్కువ మాట్లాడి నెట్టుకొచ్చాడట. తర్వాత 2011లో మొదటి మూడు తరగతులు మళ్లీ కిన్యరువాండాకి మార్చారు. 2019లో మళ్లీ ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషన్నారు.

కొసమెరుపు: 2018లో ప్రపంచ ఫ్రెంచి దేశాల కూటమికి సెక్రటరీ జనరల్‌గా ఎన్నికైనావిడ అప్పటి రువాండా విదేశాంగ మంత్రి. ఈ దేశంవాళ్ల తెలివి మామూలుది కాదు.

---

చాంగీ చామంతి (సింగపూర్) · శుక్రవారం ఉదయం 7:25

ఇక్కడ మీ గొడవ ఎప్పుడో తీరిపోయింది. 1987 నుంచి బడులన్నీ ఇంగ్లీషే, అమ్మభాష ఒక సబ్జెక్టు. చైనీస్‌లో చదువు చెప్పిన నాన్యాంగ్ యూనివర్సిటీని 1980లోనే ఇంకోదాంట్లో కలిపేశారు. ఇక్కడి పెద్దవాళ్లు ఆ మాట ఎత్తితే ఇప్పటికీ బాధపడతారు.

అమ్మభాష అన్నాను కదా, తెలుగువాళ్లకు ఆ సబ్జెక్టు తెలుగు కాదు. తమిళం తీసుకోవచ్చు, లేదా హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ. మావాడికి "మదర్ టంగ్" పీరియడ్‌లో హిందీ! మార్కుల పుస్తకం చూసి మా అత్తగారు "వీడి తల్లివి నువ్వేనా?" అని ఎగతాళి చేశారు.

కానీ ప్రభుత్వం చక్కటి ఇంగ్లీషు మాట్లాడండి అని 2000 నుంచి ఉద్యమం నడుపుతున్నా జనం వదలని ఇంగ్లీషు ఒకటుంది. "కెన్ లా", "కెనాట్ లా". పని అవుతుందా అంటే "కెన్". అంతే వాక్యం. మలయ్, చైనా యాసలు, తమిళం అన్నీ కలిసిన పులుసు అది. ఆఫీసులో బాస్‌తో ఒకటి, కింద టీ కొట్టులో ఇంకోటి. ఉప్పుగాలి గారూ, మీ ఓడ ఇంగ్లీషు పొడిగా ఉందన్నారు కదా, ఇక్కడిది రసంలో ముంచినట్టుంటుంది. పొరుగున మలేషియా 2003లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోకి మార్చి, 2012 నుంచి వెనక్కి తిప్పింది. ఈ వ్యవహారంలో ఎవరూ ఒకచోట నిలబడట్లేదు.

---

నల్లబల్ల (శ్రీకాకుళం జిల్లా) · శుక్రవారం సాయంత్రం 6:10

ఏజెన్సీకి ఆనుకున్న ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్ టీచర్ని. అందరూ చదివింది రాస్తున్నారు, నేను ఈ వారం క్లాసులో జరిగింది రాస్తాను.

మా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ అదే పాఠం తెలుగులో. 2020 నుంచి ఇలా వస్తున్నాయి. ఆలోచన నాకు నచ్చింది. సోమవారం తీసివేతలు చెప్తున్నాను. 52లోంచి 38. "బారో వన్" అన్నాను, ఎవరూ కదల్లేదు. "పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చుకో" అన్నాను, అందరూ తెచ్చేసుకున్నారు. అప్పు అంటే ఏంటో మా పిల్లలకి నేను చెప్పక్కర్లేదు కదా. కూడికల్లో "క్యారీ" కూడా అంతే, "చేతిలో ఒకటి" అంటే వేలు మడిచి చూపిస్తారు.

అంతవరకు తెలుగే గొప్పనుకున్నారా? పెద్ద తరగతి సైన్సు పాఠంలో "కిరణజన్య సంయోగక్రియ" వచ్చింది. ఆ మాట మా పిల్లల నోట్లో తిరగలేదు. ఎదురు పేజీలో "ఫోటోసింథసిస్". అదీ తిరగలేదు. చివరికి "ఆకు ఎండ తిని అన్నం వండుకుంటాది" అన్నాను. వండుతాది, తింటాది అనే తెలుగు ఏ పేజీలోనూ లేదు. జొన్నరొట్టె గారికి కోపమొచ్చేది ఈ పుస్తకాల తెలుగు మీదేనేమో అనిపించింది నాకు.

ఇంకా ఉంది. నా క్లాసులో ఆరుగురు సవర గిరిజన పిల్లలు. వాళ్లకి రెండు పేజీలూ పరాయివే! మనం ఇంగ్లీషు గురించి ఏ ఫిర్యాదు చేస్తున్నామో వాళ్లు తెలుగు గురించి అదే చెయ్యొచ్చు. నూరేళ్ల కిందట గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, వాళ్ల భాషలో వాచకాలు రాశారు. అదే మనిషి వాడుక తెలుగు కోసం కొట్లాడారు. నాకు పది సవర మాటలొచ్చు. సిగ్గుగా ఉంది, నేర్చుకుంటున్నాను.

---

జొన్నరొట్టె · శుక్రవారం రాత్రి 8:40

మేడమ్, మీరు సరిగ్గ పట్టుకున్నరు. నాకు తెలుగు మీద కోపం లేదు, నా తెలుగు పుస్తకంల లేదని కోపం. ఇంగ్లీషుల అందరం పరాయోళ్లమే, అక్కడ నా యాసను చూసి నవ్వెటోడు తక్కువ. ఆఖరికి గదే.

---

పాతదస్తావేజు · శనివారం ఉదయం 5:25

ఈ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. రాజమండ్రి తెలుగులో పెరిగినవాడిని, పుస్తకం తెరిస్తే మా ఇంటి భాషే కనపడేది. అది నాకు దొరికిన ఆస్తి అని అరవై ఎనిమిదేళ్లొచ్చాక తెలిసింది. మెకాలే ఫీజు మాట మాత్రం వదలను.

---

ఎర్రబస్సు · శనివారం ఉదయం 9:05

అంతా ఇంగ్లీషు మనకేమిచ్చిందనే గానీ మనం దానికేమిచ్చామో చెప్పరేం? "బ్యాండికూట్" అంటే మన పందికొక్కే! ఆ పేరు ఎక్కడో ఆస్ట్రేలియాలో ఉన్న ఇంకో జంతువుకి కూడా పెట్టేశారు. తెలుగువాడి ప్రపంచ విజయం, పందికొక్కు.

---

తార్నాక తార · శనివారం ఉదయం 9:40

ఇది నిజమే. నిఘంటువుల్లో తెలుగు నుంచే అని ఉంటుంది. నవ్వుకోండి గానీ ఎర్రబస్సు మొదటిసారి సరైన మాట చెప్పాడు.

---

ఉప్పుగాలి · శనివారం రాత్రి 11:30

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రేపు మలక్కా జలసంధి దాటుతాం, చామంతి గారి ఊరి మీదుగానే. అక్కడ ఓడల రేడియో వీహెచ్ఎఫ్‌లో పది దేశాల గొంతులు వినపడతాయి. "సే అగైన్, సే అగైన్" అని ఒకటే గోల.

నల్లబల్ల మేడమ్, మీ పిల్లల అప్పు, చేతిలో ఒకటి మా బోసన్‌కి చెప్పాను. వాళ్ల ఊళ్లో కూడా తీసివేతకి అప్పే తెచ్చుకుంటారట, వాళ్ల భాషలో.

---

నల్లబల్ల · ఆదివారం ఉదయం 8:00

సార్, మీరు ఆ రేడియోలో ఎలా మాట్లాడతారో మా పిల్లలకి వినిపించడం కుదురుతుందా? ఫిఫ్టీన్, ఫిఫ్టీ మా వాళ్లు కూడా ఒకేలా పలుకుతారు. వన్ ఫైవ్, ఫైవ్ జీరో అని నేర్పొచ్చంటే నాకు పని సగం తగ్గుతుంది.

---

ఉప్పుగాలి · ఆదివారం రాత్రి 9:15

వాచ్‌లో ఉండగా కుదరదండి. రేవులో సిగ్నల్ ఉన్నప్పుడు వీడియో కాల్ చేస్తాను. మా చుక్కాని కుర్రాడిని కూడా కూర్చోబెడతాను, వాడికి పిల్లలంటే ఇష్టం. శనివారం కుదురుతుందా?

---

నల్లబల్ల · ఆదివారం రాత్రి 9:32

శనివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత చెయ్యండి సార్. అన్నానికి ముందైతే ఒక్కరూ వినరు.